స్టీరింగు తిప్పేది ఎవరు?

టోలిచౌకిలో గెలాక్సీ దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఎన్ని రకాల బండ్లు పోతాయో చూడండి. ఆటో పోతుంది. సిటీ బస్సు పోతుంది. ఇసుక లారీ పోతుంది. ఫిల్మ్‌నగర్ వైపు షూటింగు సామాను మోసే పెద్ద వ్యాను పోతుంది. కార్ల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఈ బండ్లన్నీ మలుపు తిరుగుతాయి. తిప్పేది డ్రైవరు. ఆయన చేతిలో ఉన్నది ఒక గుండ్రని చక్రం. దాన్నే మనం స్టీరింగు అంటాం.

నిండు లారీ బరువు ఎంతో తెలుసా? పదివేల కిలోలు దాటుతుంది. అంటే 50 కిలోల బియ్యం బస్తాలు 200 కన్నా ఎక్కువ. ఒక్క బస్తాను పక్కకు జరపడానికే మనకు నడుం నొప్పి పుడుతుంది. మరి అంత బరువును ఒక మనిషి రెండు చేతులతో ఎట్లా తిప్పుతాడు?

"మగవాళ్ల చేతుల్లో బలం ఉంటుంది కదా, అందుకే!" అని కొందరు అంటారు. ఆ మాట నిజమేనా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇసుర్రాయి పిడి ఎక్కడ ఉంటుంది?

ఇసుర్రాయి గుర్తు చేసుకోండి. దాని పిడి ఎక్కడ ఉంటుంది? రాయి అంచున ఉంటుంది. నడుమ ఉండదు. ఎందుకని? అంచున పట్టుకుని తిప్పితే రాయి సులువుగా తిరుగుతుంది. నడిమికి దగ్గరగా పట్టుకుంటే అదే రాయి మొరాయిస్తుంది.

ఇంటి తలుపు కూడా అంతే. గొళ్లెం దగ్గర ఒక వేలుతో తోసినా తెరుచుకుంటుంది. బందుల దగ్గర తోసి చూడండి. రెండు చేతులు పెట్టినా కష్టమే.

నడిమికి ఎంత దూరంగా పట్టుకుంటే, మన బలం అంత ఎక్కువగా పనిచేస్తుంది. స్టీరింగు చక్రం పని కూడా ఇదే. పాత లారీల్లో, బస్సుల్లో స్టీరింగు చాలా పెద్దగా ఉండేది. తిప్పడం సులువు కావాలనే అంత పెద్దగా చేశారు.

గుట్ట ఎక్కే దారి

ఇంకో ఉపాయం కూడా ఉంది. గుట్ట మీదికి నిటారుగా ఎక్కితే ఆయాసం వస్తుంది. అదే గుట్టను చుట్టుదారిలో ఎక్కితే సులువు. కానీ ఎక్కువ దూరం నడవాలి. బలం తగ్గింది. నడక పెరిగింది.

స్టీరింగులో ఇదే జరుగుతుంది. మనం స్టీరింగును చాలా తిప్పుతాం. కింద టైరు కొంచెమే తిరుగుతుంది. మామూలు కారులో స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలంటే సుమారు మూడు, నాలుగు చుట్లు తిప్పాలి. అన్ని చుట్లు తిప్పినా టైరు తిరిగేది పావు చుట్టు కన్నా తక్కువ. చుట్లు ఎక్కువైతే బలం తక్కువ చాలు.

స్టీరింగు నుంచి టైరు దాకా

స్టీరింగు కింద ఒక పొడవాటి కడ్డీ ఉంటుంది. కడ్డీ చివర చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దాని కింద అడ్డంగా ఇంకో కడ్డీ ఉంటుంది. దీనికి దువ్వెన పళ్ల లాంటి పళ్లు ఉంటాయి. పళ్ల చక్రం పళ్లు, ఈ కడ్డీ పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి.

మనం స్టీరింగు తిప్పుతాం. పళ్ల చక్రం తిరుగుతుంది. అడ్డ కడ్డీ పక్కకు జరుగుతుంది. ఆ కడ్డీ రెండు కొసలకు రెండు చేతుల లాంటి చిన్న కడ్డీలు ఉంటాయి. అవి ముందు టైర్లను పట్టుకుని పక్కకు తిప్పుతాయి.

చాలా కార్లలో ఏర్పాటు ఇదే. పెద్ద లారీల్లో పళ్ల అమరిక వేరుగా ఉంటుంది. కానీ పని మాత్రం ఒకటే. చేతి తిప్పుడు టైరుకు అందుతుంది.

బతుకమ్మ చుట్టూ రెండు వరసలు

బతుకమ్మ ఆడేటప్పుడు మంది ఎక్కువైతే ఏం చేస్తాం? రెండు వరసలు కడతాం. లోపలి వరస వాళ్లు చిన్న గుండ్రంలో తిరుగుతారు. బయటి వరస వాళ్లు పెద్ద గుండ్రంలో తిరుగుతారు. లోపలి వాళ్లు గట్టిగా మలగాలి. బయటి వాళ్లు మెల్లగా మలిగితే చాలు.

బండి మలుపు తిరిగేటప్పుడు కూడా ఇంతే. ఎడమకు తిరిగితే ఎడమ టైరు లోపలి వరస. కుడి టైరు బయటి వరస. ఎడమ టైరు ఎక్కువ తిరగాలి. కుడి టైరు కొంచెం తక్కువ తిరగాలి. రెండూ సమానంగా తిరిగితే ఒక టైరు నేల మీద ఈడ్చుకుపోతుంది. తొందరగా అరిగిపోతుంది.

ఈ సంగతిని మోటారు బండ్లు రాకముందే కనిపెట్టారు. జర్మనీ దేశంలో లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన గుర్రపు బండ్లు చేసేవాడు. ముందు చక్రాలు రెండూ వేరువేరుగా మలిగే పద్ధతి ఆయనకు తట్టింది. ఆయన తరఫున అకర్‌మన్ అనే ఆయన 1818లో లండన్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. కార్లు చేసేవాళ్లు ఈనాటికీ ఈ పద్ధతినే ఆధారం చేసుకుంటారు.

కారులో మొదటి దూర ప్రయాణం ఒక తల్లిది

జర్మనీలోనే కార్ల్ బెంజ్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1886లో ఆయన తన మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. ఆ బండికి మూడే చక్రాలు. ముందు ఒక్కటే చక్రం. ఎందుకంటే ముందు రెండు చక్రాలను సరిగ్గా తిప్పే విధానం ఆయనకు అప్పటికి కుదరలేదు. ఇవాళ మన ఆటోకు కూడా ముందు ఒక్కటే చక్రం. ఆనాటి బండికి గుండ్రని స్టీరింగు లేదు. చేతితో తిప్పే పిడి ఉండేది.

ఆ బండిని కొనడానికి జనం ముందుకు రాలేదు. అప్పుడు బెంజ్ భార్య బెర్తా ఒక పని చేసింది. 1888 ఆగస్టులో, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంట పెట్టుకుని బండి తీసింది. మాన్‌హైమ్ ఊరి నుంచి పుట్టిల్లు ఉన్న ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరింది. దూరం సుమారు 100 కిలోమీటర్లు. దారిలో పెట్రోలు బంకు లేదు. మందుల దుకాణంలో ఇంధనం కొనుక్కుంది. ఎత్తు దారి వస్తే బండిని తోయించింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టే ఆయనతో తోలు వేయించింది. చీకటి పడే వేళకు పుట్టింటికి చేరింది.

కారులో అంత దూరం పోయిన మొదటి మనిషి ఈ తల్లే. ఆ ప్రయాణంతో బండికి పేరు వచ్చింది.

తర్వాత 1893లో బెంజ్ ముందు రెండు చక్రాలు తిరిగే కారు చేశాడు. 1894లో ఫ్రాన్సు దేశంలో జరిగిన ఒక పోటీలో వాషెరాన్ అనే ఆయన తన కారుకు గుండ్రని స్టీరింగు బిగించాడు. అది అందరికీ నచ్చింది. పిడులు పోయి గుండ్రని స్టీరింగు వచ్చింది.

బండి ఆగి ఉంటే బరువెందుకు?

కార్లు, లారీలు పెద్దవి అయ్యాయి. టైర్లు వెడల్పు అయ్యాయి. స్టీరింగు బరువెక్కింది. ముఖ్యంగా బండి ఆగి ఉన్నప్పుడు తిప్పడం చాలా కష్టం. ఎందుకని?

బండి కదులుతుంటే టైరు దొర్లుతూ మలుగుతుంది. బండి ఆగి ఉంటే టైరు ఉన్న చోటే నేలను రాసుకుంటూ మలగాలి. నిండు డ్రమ్మును దొర్లించడం సులువు. ఈడ్వడం కష్టం. ఇదీ అట్లాంటిదే. టైరులో గాలి తగ్గితే నేలకు ఇంకా ఎక్కువ ఆనుతుంది. అప్పుడు స్టీరింగు ఇంకా బరువు.

మన దేశంలో చాలాకాలం ఇట్లాంటి బండ్లే ఎక్కువ. 1983లో మారుతి 800 కారు వచ్చింది. దానికి కూడా స్టీరింగు సాయం లేదు. అది చిన్న కారు, తక్కువ బరువు కాబట్టి చేతి బలం సరిపోయేది.

పవర్ స్టీరింగు వచ్చింది

అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు లారీల కంపెనీలో పనిచేశాడు. లారీ డ్రైవర్లు స్టీరింగు తిప్పలేక అలసిపోవడం చూశాడు. ఆయిలు బలంతో స్టీరింగుకు సాయం చేసే యంత్రం తయారుచేశాడు. 1926లో దాన్ని కారుకు బిగించి చూపించాడు. 1951లో క్రిస్లర్ కంపెనీ పవర్ స్టీరింగు ఉన్న కారును అమ్మకానికి పెట్టింది.

ఇది ఎట్లా పనిచేస్తుంది? హోళీ పిచికారీ తెలుసు కదా. వెనక నుంచి తోస్తే నీళ్లు ముందుకు దూసుకొస్తాయి. ఇందులో తిరగేసి జరుగుతుంది. ఆయిలు దూసుకొచ్చి అడ్డ కడ్డీని తోస్తుంది. ఆయిలును పంపేది ఒక పంపు. ఆ పంపును తిప్పేది ఇంజను.

మరి ఏ పక్కకు తోయాలో ఆయిలుకు ఎట్లా తెలుస్తుంది? తడి చీరను పిండుతాం చూడండి. చీర మెలి తిరుగుతుంది. స్టీరింగు కడ్డీ లోపల కూడా ఒక సన్నని కడ్డీ ఉంటుంది. మనం స్టీరింగు తిప్పగానే అది కొంచెం మెలి తిరుగుతుంది. కుడికి మెలి తిరిగితే ఒక దారి తెరుచుకుంటుంది. ఎడమకు తిరిగితే ఇంకో దారి తెరుచుకుంటుంది. ఆ దారిలో ఆయిలు పోయి తోస్తుంది. మనం తిప్పడం ఆపితే తోయడం కూడా ఆగుతుంది.

తర్వాత ఆయిలు బదులు కరెంటు మోటారు వచ్చింది. 1988లో జపాన్‌లో సుజుకి కంపెనీ సెర్వో అనే చిన్న కారుకు దీన్ని పెట్టింది. ఇందులో కూడా మెలిక కడ్డీ ఉంటుంది. ఎంత మెలి తిరిగిందో ఒక చిన్న కంప్యూటరు కొలుస్తుంది. మోటారుకు చెబుతుంది. మోటారు అంతే సాయం చేస్తుంది. ఆయిలు పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. కరెంటు మోటారు అవసరమైనప్పుడే ఎక్కువ పనిచేస్తుంది. కాబట్టి ఇంధనం కొంత మిగులుతుంది. ఇప్పుడు వచ్చే కార్లలో ఎక్కువగా ఇదే ఉంటోంది.

గల్లీలో ఒక తీరు, ఫ్లైఓవరు మీద ఒక తీరు

టోలిచౌకి గల్లీలో కారు మలపాలంటే స్టీరింగు చాలా తిప్పాలి. బండి మెల్లగా ఉంటుంది. సాయం ఎక్కువ కావాలి.

అదే కారు షేక్‌పేట ఫ్లైఓవరు ఎక్కిందనుకోండి. ఆ ఫ్లైఓవరును 2022 జనవరి 1న ప్రారంభించారు. పొడవు మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. దాని మీద బండ్లు వేగంగా పోతాయి. అక్కడ స్టీరింగు మరీ తేలికగా ఉంటే ప్రమాదం. చేయి కొంచెం అదిరినా బండి పక్కకు పోతుంది. అందుకే కరెంటు స్టీరింగు వేగం పెరిగే కొద్దీ సాయం తగ్గిస్తుంది. స్టీరింగు కొంచెం గట్టిపడుతుంది. అది చెడిపోవడం కాదు. మన మేలు కోసమే.

ఒక అక్క ఇట్లా అడిగింది. "బలం అంతా బండిదే అయితే డ్రైవరు చేసేది ఏముంది టీచరమ్మా?"

పక్కనున్న అక్క జవాబు చెప్పింది. "బండి బలమే ఇస్తది అక్కా. ఎటు పోవాలో చెప్పేది మనమే కదా!"

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు దీనితో పని ఉంది.

సాయం ఆగిపోతే?

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ గుట్టల మీద ఉన్నాయి. అక్కడి నుంచి కిందికి వచ్చే రోడ్లు వాలుగా ఉంటాయి. కొందరు డ్రైవర్లు వాలులో ఇంజను ఆర్పేస్తారు. "బండి దానంతట అదే దిగుతుంది. పెట్రోలు మిగులుతుంది" అంటారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని.

ఇంజను ఆగితే ఆయిలు పంపు ఆగుతుంది. తాళంచెవి తిప్పి బండిని ఆర్పేస్తే కరెంటు మోటారు కూడా ఆగుతుంది. స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కుతుంది. పవర్ స్టీరింగు ఉన్న కార్లలో చాలావాటికి చుట్లు తక్కువ పెడతారు. సాయం ఉంటుందన్న ధైర్యంతో అట్లా పెడతారు. కాబట్టి సాయం ఆగితే పాతకాలం కారు కన్నా కూడా బరువు అనిపిస్తుంది.

తాళంచెవి పూర్తిగా బయటికి తీస్తే ఇంకా ప్రమాదం. చాలా బండ్లలో స్టీరింగు బిగుసుకుపోతుంది. దొంగలు ఎత్తుకుపోకుండా పెట్టిన ఏర్పాటు అది. బండి పరుగెత్తేటప్పుడు బిగుసుకుంటే ఇక మలగదు.

బ్రేకుకు వచ్చే సాయం కూడా ఇంజను నుంచే. ఇంజను ఆగాక ఒకటి, రెండుసార్లు బ్రేకు బాగానే పడుతుంది. తర్వాత పెడలు గట్టిపడుతుంది.

పోనీ, పెట్రోలు అయినా మిగులుతుందా? ఇప్పటి కార్లలో అదీ పెద్దగా లేదు. బండిని గేరులోనే ఉంచి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే చాలు. దిగుడులో ఇంజనుకు ఇంధనం పోవడం దానంతట అదే దాదాపుగా ఆగుతుంది. బండి కూడా అదుపులో ఉంటుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 అక్టోబరు వానలకు టోలిచౌకిలో నదీం కాలనీ నీట మునిగింది. అట్లాంటి నీళ్లలో బండి నడిపితే ఇంజను ఆగిపోవచ్చు. బండి కదులుతుండగానే స్టీరింగు బరువెక్కుతుంది. నీళ్లు నిలిచిన రోడ్డులోకి బండి దించకపోవడమే మేలు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇంజను ఒకోసారి నడుస్తూ నడుస్తూ ఆగవచ్చు. అప్పుడు భయపడవద్దు. ఇట్లా చేయాలి.

1. రెండు చేతులతో స్టీరింగును గట్టిగా పట్టుకోవాలి. బరువెక్కుతుంది. కానీ పనిచేస్తుంది.

2. తాళంచెవి బయటికి తీయకూడదు.

3. బ్రేకును మాటిమాటికీ నొక్కి వదలకూడదు. ఒకేసారి, గట్టిగా, ఆపకుండా తొక్కి పట్టాలి.

4. నాలుగు మూలల లైట్లు వెలిగే మీట నొక్కాలి. వెనక వచ్చేవాళ్లకు తెలుస్తుంది.

5. బండిని ఎడమ పక్కకు తేవాలి. ఆగిన తర్వాత చేతి బ్రేకు వేయాలి.

స్టీరింగు పనిచేస్తుందని ఎట్లా చెప్పగలం? పళ్ల చక్రం ఉంది. అడ్డ కడ్డీ ఉంది. అవి ఎక్కడికీ పోలేదు. పోయింది సాయం ఒక్కటే. చేతికీ టైరుకూ ఉన్న లంకె తెగలేదు. ఈ సంగతి తెలిసిన మనిషి గట్టిగా పట్టుకుంటుంది. తెలియని మనిషి "స్టీరింగు పోయింది" అని చేతులు వదిలేస్తుంది. ఆ తేడాలోనే ప్రాణం ఉంది.

మరి ఆడవాళ్ల సంగతి?

మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. స్టీరింగు తిప్పడానికి మగవాళ్ల బలమే కావాలా?

1993లో తమిళనాడులో వసంతకుమారి ప్రభుత్వ బస్సు డ్రైవరుగా చేరింది. మన నల్గొండ ప్రాంతం తండాలో పుట్టిన సరిత 2015లో ఢిల్లీలో ప్రభుత్వ సిటీ బస్సు నడిపే మొదటి మహిళ అయింది. 2025 జూన్‌లో మన తెలంగాణ ఆర్టీసీలో మొదటి మహిళా డ్రైవరుగా హైదరాబాద్ నుంచి మిర్యాలగూడకు బస్సు నడిపింది.

బలం యంత్రం ఇస్తుంది. కావలసింది చూపు, నేర్పు, నిదానం. ఇవి నేర్చుకుంటే వస్తాయి.

కారు నేర్చుకోవాలంటే 18 ఏళ్లు నిండాలి. ముందు లెర్నింగ్ లైసెన్సు తీసుకోవాలి. దానికి రోడ్డు గుర్తుల మీద ప్రశ్నలు అడుగుతారు. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత బండి నడిపి చూపించి అసలు లైసెన్సు తీసుకోవచ్చు.

ఇంతకు ముందు ట్యాక్సీ, లారీ లాంటి కిరాయి బండ్లు నడపాలంటే ఎనిమిదో తరగతి పాసు కావాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆ నియమం తీసేసింది. అయినా చదువు అక్కరలేదని అనుకోవద్దు. "ముందు మలుపు ఉంది", "మెల్లగా పోవాలి" అని రోడ్డు పక్కన రాసి ఉంటుంది. మన కోసమే రాశారు. ఆ బోర్డు చదవడం ఇప్పుడు మీకు వచ్చు.

గుర్తుంచుకుందాం

- స్టీరింగు పెద్దదైతే, చుట్లు ఎక్కువైతే తిప్పడం సులువు.
- మలుపులో లోపలి టైరు ఎక్కువ మలుగుతుంది. బయటి టైరు తక్కువ మలుగుతుంది.
- పవర్ స్టీరింగు బలం ఇస్తుంది. దారి చూపేది మనిషి.
- టైర్లలో గాలి సరిగా ఉండాలి.
- వాలులో ఇంజను ఆర్పకూడదు. తాళంచెవి తీయకూడదు.
- స్టీరింగు బరువెక్కినా వదలకూడదు.

మాట్లాడుకుందాం

1. ఇసుర్రాయి పిడి అంచున ఎందుకు ఉంటుంది? స్టీరింగుకూ దానికీ పోలిక ఏమిటి?

2. ఆగి ఉన్న బండికి స్టీరింగు బరువుగా ఎందుకు ఉంటుంది?

3. మీరు ఎక్కిన ట్యాక్సీ డ్రైవరు వాలులో ఇంజను ఆర్పేశాడు. మీరు ఆయనతో ఏమంటారు?

4. మీ బస్తీలో బండి నడిపే ఆడవాళ్లు ఉన్నారా? వాళ్లు ఎట్లా నేర్చుకున్నారో అడిగి, నాలుగు వాక్యాలు రాయండి.